మీ పిల్లలు చేతులు పట్టుకున్నారా?

అమెరికాలో మోరిస్‌విల్‌లోనూ ఆ చుట్టుపక్కలా ఉన్న తెలుగువాళ్ళు శుభకార్యం తలపెడితే ముందు హాలు చూసుకుంటారు, తరవాత వంటవాళ్ళని మాట్లాడుకుంటారు, ఆ తరవాత చక్రపాణిగారికి ఫోన్ చేస్తారు. పురోహితులు ఇంకా ఉన్నారు. అయినా ముందు ఆయనకే ఎందుకు చేస్తారంటే, ఆయన సర్దుకుపోతారు. "పంతులుగారూ, కిడ్స్ ఉన్నారు, కొంచెం షార్ట్‌గా కానిచ్చేయండి" అంటే సత్యనారాయణ వ్రతంలో ఐదు కథలూ కుక్కరు మూడు కూతలు కూసేలోపు పూర్తవుతాయి. "హాల్ ఒంటిగంటకి ఖాళీ చెయ్యాలండీ" అంటే పదకొండింటికి ఎక్కడినుంచో ఒక సుముహూర్తం దొరుకుతుంది. "స్మోక్ అలారం మోగుతుందేమో" అంటే హోమగుండంలో అగ్నిహోత్రుడు కర్పూరం బిళ్ళంత అయిపోయి బుద్ధిగా కూర్చుంటాడు. ఇన్నేళ్ళలో ఆయన ఎవరికీ కాదు అని చెప్పలేదు. ఆ మాట ఆయన నోటికి తిరగదని భార్య కనకదుర్గ అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని ఆవిడ ఎవరి దగ్గరా దాచుకోలేదు.

అలాంటి పెద్దమనిషి శ్రీవల్లిగారమ్మాయి పెళ్ళిలో ఎదురు తిరిగారంటే ఊళ్ళో చాలామంది నమ్మలేదు. ఒక గొడుగు కారణంగా తిరిగారంటే అసలే నమ్మలేదు.

ఆ గొడుగు ఆయనకి సొంత కారులోనే దొరికింది.

పంతులుగారి పనిలో సగం ఎదురుచూపే. గృహప్రవేశం ఏడింటికని చెప్పినవాళ్ళు ఏడున్నరకి "ఆన్ ద వే" అని మెసేజ్ పెడతారు. కొబ్బరికాయలు, ఇటుకలు, పాలు పొంగించే గిన్నె కారులో పెట్టుకుని, తాళం వేసి ఉన్న ఇంటి ముందు ఆయన కూర్చుని ఉంటారు. అలా కూర్చున్న ఒక ఉదయం, వెనక సీటులో కూతురు నమ్రత మరచిపోయిన పుస్తకం ఒకటి కనిపించింది. అట్ట మీద స్కూలు బట్టల్లో ఒక అబ్బాయి, రెండు జడలతో ఒక అమ్మాయి, ఇద్దరికీ మధ్య ముడిచిన గొడుగు. ఎండదెబ్బ తగిలినట్టు ఇద్దరి బుగ్గలూ ఎర్రగా ఉన్నాయి. జపాను బొమ్మల కథ. మాంగా అంటారట.

ఏ పుస్తకాన్నయినా తెరిచినట్టే దాన్నీ తెరిచి, ఇంటివాళ్ళు వచ్చేలోపు పూర్తి చేశారు. మొదటి పేజీలో ఆ పిల్లలిద్దరూ వానలో ఒకే చూరు కింద నిలబడి సిగ్గుపడుతున్నారు. తరవాత కొంచెం దూరంగా జరిగారు. తరవాత పోట్లాడుకున్నారు. ఆపైన ఒకరి పేరు ఒకరు అడిగారు. చివరి పేజీకి వచ్చేసరికి ఒకరికొకరు ఎవరో కూడా తెలియకుండా చెరో వీధిలో నడుస్తున్నారు. ఆయనకి మనసు కలుక్కుమంది.

"ఈ కాలం సంసారాలని భలే చూపించాడమ్మా. ఎంత బాగా మొదలైందో, ఏమైపోయిందో చూడు" అన్నారు ఆ సాయంత్రం నమ్రతతో.

నమ్రత పుస్తకాన్నీ తండ్రినీ మార్చి మార్చి చూసి, సోఫాలో పడి దొర్లుతూ నవ్వింది. "నాన్నా! ఇది రైట్ నించి లెఫ్ట్‌కి చదవాలి. వెనకనించి స్టార్ట్ చెయ్యాలి. నువ్వు వాళ్ళకి బ్రేకప్ చేసేశావ్!"

వందల పెళ్ళిళ్ళు చేసిన చేతుల మీదుగా ఒక జంట విడిపోయిందన్న మాట ఆయన భరించలేకపోయారు. మర్నాడు ఇంకో ఇంటి ముందు ఎదురుచూస్తూ, విడదీసినవాళ్ళని కలపడానికని సరైన వైపునుంచి చదివారు. అలా మొదలైంది. రెండో భాగం లైబ్రరీనుంచి నమ్రతే తెచ్చిపెట్టింది. మూడో భాగానికి ఆయనే పంచె కట్టుకుని వెళ్ళారు.

కథ చాలా చిన్నది. జడలమ్మాయి ఒక వాన రోజున తన గొడుగు అబ్బాయి దగ్గర మరచిపోయింది. అది తిరిగి ఇచ్చేటప్పుడు తన మనసులో మాట చెప్పాలని అబ్బాయి అనుకున్నాడు. అంతే. ఇవ్వబోతే స్నేహితురాలు వస్తుంది, లేకపోతే రైలు తలుపులు మూసుకుంటాయి, ఒక భాగంలో అయితే పిల్లి ఎత్తుకుపోతుంది. ఆ జపాను పేర్లు నోరు తిరగక చక్రపాణిగారు వాళ్ళకి గొడుగబ్బాయి, జడలమ్మాయి అని పేర్లు పెట్టుకున్నారు. ఇంట్లో అందరికీ అవే అలవాటయ్యాయి.

సాయంత్రం కనకదుర్గ గోరుచిక్కుళ్ళు తుంచుతూ రోజూ అడిగేది.

"ఏమండీ, మీ పిల్లలు చేతులు పట్టుకున్నారా?"

"ఇంకా లేదు."

"ఎన్నో పుస్తకం?"

"ఆరోది."

"ఆరు పుస్తకాలా! ఆపాటికి మనకి పెళ్ళయి, నమ్రత పుట్టి, దానికి అన్నప్రాసన కూడా అయిపోయింది."

"ఈ పుస్తకంలో చిటికెన వేలు తగిలిందే."

"అబ్బో. నలుగురికీ చెప్పి పులిహోర చెయ్యమంటారా?"

ఆవిడ ఎంత ఏడిపించినా ఆయన మానలేదు. ఏం బాగుందని చదువుతున్నారో అడిగితే సరిగ్గా చెప్పలేకపోయేవారు. "అందులో ఎవరికీ తొందర లేదు" అని మాత్రం అనేవారు. నిజమే. ఆ పుస్తకాల్లో ఒక చూపు పైకి లేవడానికి ఒక పేజీ పడుతుంది. గొడుగు తెరుచుకోవడానికి రెండు పేజీలు. "నేను..." అని అబ్బాయి నోరు తెరిస్తే, తరవాతి పేజీలో మాటలుండవు, ఉత్త వాన. చెడ్డవాళ్ళు లేరు. ప్రమాదాలు లేవు. అంత పెద్ద కథలో జరగబోయే ఘోరమల్లా ఎవరో ఒకరు సిగ్గుపడటమే. ప్రతివాళ్ళూ గడియారం చూపించి మంత్రం తగ్గించమనే ఊళ్ళో బతికే మనిషికి, గొడుగు పట్టుకుని పద్నాలుగు పుస్తకాలు నిలబడగల కుర్రవాడు దేవుడిలా కనిపించాడేమో.

ఇంకో సంగతి కూడా ఉంది. అది కనకదుర్గకి తెలుసు.

చక్రపాణిగారికి పెద్ద పవరున్న కళ్ళద్దాలు. తన పెళ్ళిలో అడ్డుతెర పట్టగానే వాళ్ళ మేనత్త వచ్చి, ఫొటోలో మెరుపు కొడుతుందని ఆయన ముక్కు మీంచి కళ్ళద్దాలు తీసి తన జాకెట్టులో దోపుకుంది. గట్టిమేళం మోగింది, తెర దిగింది. పెళ్ళిచూపుల్లో తల వంచుకున్న పాపిట తప్ప చూడని పిల్లని ఎదురుగా చూడవలసిన ఆ క్షణంలో ఆయనకి కనిపించింది ఒక పసుపుపచ్చని మబ్బు. ఆ మబ్బు తల మీద జీలకర్రా బెల్లం పెట్టారు. కొంచెం చెవి మీద పడింది. "మబ్బుకి చెవులుంటాయని మీకేం తెలుసు పాపం" అని ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఆ తరవాత ఎన్ని పెళ్ళిళ్ళు చేయించినా ఆయనకి తెర దిగడం చూసే భాగ్యం కలగలేదు. ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను జీలకర్రబెల్లం మీద. ఒకవేళ తలెత్తినా అక్కడ చూడటానికేమీ ఉండదు. ఎందుకంటే ఇక్కడి పెళ్ళిళ్ళలో పొద్దున్నే "ఫస్ట్ లుక్" అని ఒకటుంటుంది. ముస్తాబైన పెళ్ళికొడుకుని చెరువుగట్టున వెనక్కి తిప్పి నిలబెడతారు. ముస్తాబైన పెళ్ళికూతురు వెనకనుంచి వచ్చి భుజం తడుతుంది. అతను తిరిగి ఆశ్చర్యపోతాడు. వెలుతురు సరిగ్గా లేకపోతే ఇంకోసారి ఆశ్చర్యపోతాడు. తీరా మండపంలో తెర దిగేసరికి ఆశ్చర్యం మిగలదు. "హాయ్" అనుకుంటారు, అంతే.

పదకొండో భాగం చదువుతున్న రోజుల్లో చక్రపాణిగారికి ఒక కోరిక పుట్టింది. ఒక్కసారి, నిజంగా ఎదురుచూసినవాళ్ళ మధ్య ఆ తెర దిగడం చూడాలి. కళ్ళద్దాలు పెట్టుకుని.

సరిగ్గా అప్పుడే శ్రీవల్లిగారమ్మాయి భవిత పెళ్ళి వచ్చింది. శ్రీవల్లిగారంటే మాటలు కాదు. తెలుగు సంఘంలో పెద్ద తలకాయ. ఆవిడ "మన పంతులుగారు" అంటే నెలంతా పిలుపులు, "ఆ పంతులుగారు" అంటే నెలంతా ఖాళీ. పెళ్ళికి రెండు వారాల ముందు వాళ్ళింటి డైనింగ్ టేబుల్ చుట్టూ అందరూ కూర్చున్నారు: శ్రీవల్లిగారు, భవిత, పెళ్ళికొడుకు రోహన్, ఫొటోలు తీసే రఘు. రఘు వారమంతా సాఫ్ట్‌వేరు చేసి, శని ఆదివారాలు కెమెరా పట్టుకుంటాడు.

"ఎనిమిదింటికి లేక్ దగ్గర ఫస్ట్ లుక్, తొమ్మిదింటికి గౌరీపూజ, పదకొండుకి ముహూర్తం. పంతులుగారికి ఓకే కదా?" అన్నాడు రఘు, జవాబు కోసం ఆగకుండా.

"ఆ ఫస్ట్ లుక్కు... వద్దండీ" అన్నారు చక్రపాణిగారు.

ఆ గొంతు ఎవరిదా అని అందరూ ఒకసారి చుట్టూ చూశారు. పక్కనే కూర్చున్న కనకదుర్గ చేతిలో కాఫీ కప్పు పెదవులదాకా వచ్చి ఆగిపోయింది.

"వద్దంటే ఏంటి పంతులుగారూ? శాస్త్రంలో ఏమైనా అభ్యంతరం ఉందా?" అని శ్రీవల్లిగారు అడిగారు.

ఉందని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఎవరూ శాస్త్రం తెరిచి చూడరు. హాలు ఖాళీ చేసే వేళకి వందసార్లు లోబడిన శాస్త్రం ఆయనకోసం ఒక్కసారి బిగుసుకోదా? చక్రపాణిగారు కండువా సర్దుకున్నారు, నీళ్ళు తాగారు.

"శాస్త్రంలో ఏం లేదమ్మా. నాకోసం. రెండ్రోజుల ముందునించి పిల్లలు ఒకర్నొకరు చూసుకోకుండా ఉంటే... తెర దిగేదాకా... నాకు చూడాలని ఉంది."

రోహన్ పకపకా నవ్వాడు. "పంతులుగారూ, మూడేళ్ళనించి ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. తను గురక పెడుతుందని కూడా నాకు తెలుసు."

"నేను పెట్టను!" అంది భవిత.

"రఘుకి అడ్వాన్స్ ఇచ్చేశాం కదండీ" అన్నారు శ్రీవల్లిగారు. గొంతు చల్లగా ఉంది. "ఆ పంతులుగారు" అనడానికి ఇక ఒక్క మెట్టే మిగిలింది.

చక్రపాణిగారు ఎర్రబడిపోయారు. ఆ కంగారులో ఆయన నోటినుంచి రాకూడని మాట వచ్చేసింది. "అది కాదమ్మా. ఇప్పుడూ, ఆ గొడుగబ్బాయి ఉన్నాడు చూడండి. మొదటి పుస్తకంలోనే గొడుగు ఇచ్చేస్తే ఇంకేముంది?"

కనకదుర్గ కప్పు కింద పెట్టి, కొంగుతో మొహం కప్పుకుంది. అది సిగ్గో నవ్వో చెప్పడం కష్టం.

భవిత మాత్రం కుర్చీలోంచి లేచింది. "వెయిట్. అంబ్రెల్లా? రెండు జడలు? పిల్లి తీస్కొని పోతుంది, అదా?" ఇక్కడే పుట్టి పెరిగిన ఆ పిల్ల తెలుగు ఉద్వేగంలో ఇంకా ముక్కలైంది. "అంకుల్, మీరు అది చదువుతున్నారా? ఓ మై గాడ్. నేను మిడిల్ స్కూల్‌లో అది చదివి చదివి ఏడ్చాను. ఏ వాల్యూంలో ఉన్నారు?"

"పదకొండు" అన్నారాయన నేలచూపులతో.

"అయితే మీకు ట్వెల్వ్‌లో ఏమవుద్దో..."

"చెప్పకు తల్లీ!" అని ఆయన రెండు చేతులూ ఎత్తేశారు.

భవిత కూర్చుని తల్లివైపు తిరిగింది. "అమ్మా, ఫస్ట్ లుక్ కాన్సిల్. రఘు అంకుల్ మాకు సెపరేట్‌గా ఫొటోస్ తీస్తారు. నేను ఫ్రైడే నించి ఇక్కడే ఉంటాను."

"నా కాంటాక్ట్ లెన్స్ సొల్యూషన్ ఎక్కడుందో తనకే తెలుసు" అన్నాడు రోహన్ దీనంగా. ఎవరూ పట్టించుకోలేదు.

శ్రీవల్లిగారు మాత్రం నవ్వలేదు. "చూద్దాం. పెళ్ళి ఆల్బమ్‌లో ఆ ఒక్క ఫొటో సరిగ్గా రాకపోతే మాత్రం..." అని వాక్యం అక్కడే వదిలేసి పకోడీలు వడ్డించారు. చక్రపాణిగారికి ఆ వదిలేసిన సగం బాగా వినిపించింది.

కారెక్కాక కనకదుర్గ అంది, "మీకు కాదనడం వచ్చని నాకిన్నాళ్ళూ చెప్పనేలేదు."

"కాళ్ళు వణికాయే."

"చూశాను. టేబుల్ కూడా వణికింది."

పెళ్ళి విమానాశ్రయం దగ్గర ఒక హోటల్లో. శుక్రవారంనుంచి పెళ్ళిపిల్లలిద్దరూ మాట నిలబెట్టుకున్నారని తెలిసి పంతులుగారు పొంగిపోయారు. ఆదివారం ఉదయం గౌరీపూజ ముగించి, భవితనీ ఆమె పిన్నమ్మలనీ లిఫ్టు దగ్గరకి తీసుకువస్తున్నారు. అంతలో గుమ్మం బయట డోలు మోగింది. ఎదుర్కోలుకి మగపెళ్ళివారు సిద్ధమన్నమాట. అంటే పెళ్ళికొడుకు పైనుంచి దిగుతున్నాడన్నమాట. లిఫ్టు మీద అంకెలు మూడు, రెండు అని తగ్గుతున్నాయి. భవిత చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని సరిగ్గా దాని ఎదురుగా నడుస్తోంది.

చక్రపాణిగారు పరుగెత్తడం మోరిస్‌విల్‌లో అంతవరకు ఎవరూ చూడలేదు. చేతిసంచి ఒకచోట, ఒక చెప్పు ఇంకోచోట వదిలేసి, భుజం మీది కండువా లాగి, తలుపులు తెరుచుకుంటున్న లిఫ్టుకి అడ్డంగా చాపారు. రెండో చివర పట్టుకోవడానికి చెయ్యి చాలలేదు. పక్కనే పెట్టెతో నిలబడి ఉన్న ఒక తెల్లావిడ, ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా, పెట్టె వదిలి ఆ చివర పట్టుకుంది.

"పంతులుగారూ! ఏంటిది?" లోపలినుంచి రోహన్ గొంతు.

"కళ్ళు మూసుకో నాయనా! తలుపు మూసి మళ్ళీ పైకెళ్ళు!"

"భవీ? నువ్వక్కడున్నావా?"

కండువాకి ఇవతల భవిత ఒక్క అడుగు దూరంలో ఆగిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గోరింటాకు చేతికి పైన బుగ్గలు ఎర్రబడటం పంతులుగారు స్పష్టంగా చూశారు. అచ్చం అట్ట మీది బొమ్మ.

"అంకుల్, ఇది వాల్యూం సెవెన్‌లో సీన్" అని గుసగుసగా అంది.

"ఎనిమిది" అని ఆయన కూడా గుసగుసగానే సవరించారు.

తలుపులు మూసుకున్నాక తెల్లావిడ కండువాని చక్కగా మడత పెట్టి ఆయన చేతికిచ్చి, పెట్టె తీసుకుని తన దారిన పోయింది.

పదకొండు దాటింది. మండపంలో తెర పట్టారు. రోహన్ చేతిలో తమలపాకు, అందులో జీలకర్రాబెల్లం. గురక గురించి చెప్పిన కుర్రవాడు, మూడేళ్ళ కాపురం చేసిన కుర్రవాడు, పక్కనున్న పంతులుగారి చెవిలో "ఎలా ఉందండీ?" అని అడిగాడు.

"నువ్వే చూద్దువుగాని" అన్నారు చక్రపాణిగారు. ఆయన కళ్ళద్దాలు పంచె చెంగుతో రెండుసార్లు తుడుచుకుని పెట్టుకున్నారు.

సుముహూర్తం. "గట్టిమేళం!" అన్నారు. ఎవరి ఫోనులోంచో సన్నాయి పెద్ద స్పీకర్లలో విరుచుకుపడింది. తెర దిగింది.

రోహన్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. చెయ్యి పైకెత్తాడు గాని, దాన్ని భవిత తలమీద పెట్టాలన్న సంగతి మరచిపోయాడు. కరిగిన బెల్లం మణికట్టు మీదుగా మోచేతిదాకా జారింది. భవిత ముందు నవ్వింది, తరవాత కళ్ళ నీళ్ళు పెట్టుకుంది, తరవాత రెండూ ఒకేసారి చేసింది. రఘు రెండు ఫొటోలు తీసి కెమెరా కిందకి దించి ఉత్త కళ్ళతో చూశాడు. వెనకాల శ్రీవల్లిగారు ముక్కు చీదుకోవడం మైకులో వినిపించింది.

చక్రపాణిగారు చూస్తున్నారు. ఆ చూపు పెళ్ళికూతుర్ని దాటి, ఆమె వెనక అక్షింతల పళ్ళెం పట్టుకుని నిలబడిన మనిషి దగ్గర ఆగింది. కనకదుర్గ పెళ్ళిపిల్లల్ని చూడటం లేదు. మామిడిపండు రంగు చీరలో, చెవి పక్కన తెల్లబడిన వెంట్రుకలతో, ఒక కనుబొమ పైకెత్తి, ఈయన వైపే చూస్తోంది. మబ్బు కాదు. ముక్కుపుడక దగ్గర చిన్న చెమట చుక్క కూడా కనిపించింది.

ఆయన తరవాతి మంత్రం మరచిపోయారు.

ఎవరో దగ్గారు. కనకదుర్గ పెదవులు కదిపి మొదటి ముక్క అందించింది. ఇన్నేళ్ళు విని విని ఆవిడకి అన్నీ వచ్చు. ఆయన అందుకున్నారు. ఆ రోజు ఒక్క మంత్రమూ తగ్గించలేదు. హాలు వాళ్ళు వచ్చి రెండుసార్లు చూసి వెళ్ళారు. శ్రీవల్లిగారే వాళ్ళకి ఎదురెళ్ళి, "మన పంతులుగారు పూర్తి చేస్తున్నారు, కాసేపు ఆగండి" అన్నారు.

తాంబూలంలో పంచెలచాపు, పళ్ళు, వాటి మీద అంచులు నలిగిన పాత పుస్తకం ఒకటి. పద్నాలుగో భాగం. చివరిది. "నాది. మీరు ఉంచుకోండి అంకుల్" అంది భవిత.

తిరుగు ప్రయాణంలో ఆయన డ్రైవ్ చేస్తుంటే కనకదుర్గ ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని కూర్చుంది. పూలూ పళ్ళూ పక్కకి జరిపి పుస్తకం తీసింది. "ఇంతకీ ఏముంది ఇందులో, మా ఆయన్ని పరుగెత్తించేంత" అంటూ, ఏ పుస్తకాన్నయినా తెరిచినట్టే తెరిచింది.

"దుర్గా! ఆ వైపునించి కాదే! అది చివరి పేజీ!"

ఆలస్యమైపోయింది. ఆవిడ ఆ పేజీ చూసింది. ఇంకొంచెం దగ్గరగా పెట్టుకుని చూసింది. ఇన్నాళ్ళ ఎగతాళీ మొహంలోంచి ఎటో పోయింది. మెల్లగా మూసి, రెండు చేతులతో పట్టుకుంది.

సిగ్నల్ దగ్గర కారాగింది. చక్రపాణిగారు కాసేపు ఎదర ఎర్ర లైటు చూశారు. ఉండబట్టలేకపోయారు.

"ఏమే... చేతులు పట్టుకున్నారా?"

కనకదుర్గ పుస్తకాన్ని పమిట కింద దాచేసి కిటికీవైపు తిరిగింది.

"చెప్పను. మీరే చూసుకోండి. కళ్ళద్దాలు పెట్టుకుని."